వీపంతా బెన్‌జైతెన్: జపనీస్ పద్ధతిలో పెద్ద టాటూ వేయించుకుందామనుకుంటున్నాను, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

వీణాతంత్రి · ఫిబ్రవరి 8

అందరికీ నమస్కారం. ఏడేళ్లుగా కావాసాకిలో ఉంటున్నాను. వయసు 34, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పదకొండో ఏట మొదలుపెట్టిన వీణ ఇప్పటికీ వాయిస్తూనే ఉన్నాను.

జపాన్ వచ్చిన కొత్తలో ఎనోషిమా దీవికి వెళ్లాను. అక్కడి గుడిలో ఒళ్లో బివా అనే జపనీస్ తీగల వాద్యం పెట్టుకుని కూర్చున్న బెన్‌జైతెన్ విగ్రహం ఉంది. పక్కనున్న ఫ్రెండ్ ‘ఈవిడ మీ సరస్వతే’ అని చెప్పేలోపే నాకు అర్థమైపోయింది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆవిడ నా వీపు మీద ఉండాలన్న కోరిక రెండేళ్ల క్రితం మొదలైంది. తగ్గుతుందేమోనని ఆగి చూశాను, తగ్గలేదు.

మెడ కింద నుంచి తుంటి దాకా వీపు మొత్తం వేయించుకోవాలని ఉంది. మధ్యలో ఆవిడ, చుట్టూ డ్రాగన్, కింద అలలు. రంగులు నింపేది చేత్తో, అంటే తెబోరి పద్ధతిలో చేసే హోరిషి (సంప్రదాయ టాటూ కళాకారుడు) దగ్గరే వేయించుకోవాలని అనుకుంటున్నాను.

నా సందేహాలు ఇవీ. ఆవిడ చేతిలో బివా బదులు వీణ పెట్టించుకోవచ్చా? అలా అడిగితే హోరిషి చిన్నబుచ్చుకుంటాడా? నొప్పి, ఖర్చు, కాలం నిజంగా ఎంత? ఒంటరిగా ఉంటాను, తర్వాత వీపుని ఎలా చూసుకోవాలి? వద్దు అనిపించేవాళ్లు కూడా కారణంతో చెప్పండి, వింటాను.

నది_ఒడ్డు · ఫిబ్రవరి 8

తెబోరి అంటే మెషిన్ లేకుండానా? అంత పెద్దది చేత్తోనే వేస్తారా?

నల్లసిరా · ఫిబ్రవరి 8

వీణాతంత్రి గారూ, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది దాన్ని అడగనే అడగరు. వీపుకి మందు ఎవరు రాస్తారు? నాకు మా ఆవిడ రాసింది. ఆవిడ ఊళ్లో లేని ఒక వారం, పొడుగు పిడి ఉన్న ప్లాస్టిక్ గరిటెకి శుభ్రమైన గాజుగుడ్డ చుట్టి నేనే రాసుకున్నాను. సరిగా అందలేదు. కుడి భుజం ఎముక దగ్గర చెక్కు మందంగా కట్టి, అది ఊడినప్పుడు కొంచెం రంగు కూడా పోయింది. మళ్లీ నింపాల్సి వచ్చింది. కాబట్టి మొదటి వారం పది రోజులు రోజూ ఐదు నిమిషాలు వచ్చి వెళ్లే ఫ్రెండ్‌ని ఇప్పుడే చూసి పెట్టుకోండి. ఇది డబ్బు కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం.

నా వీపు మీద ఫుదో మ్యోఓ ఉన్నాడు. మన అచలుడే, కదలనివాడు. కుడి చేతిలో కత్తి, ఎడమ చేతిలో తాడు, వెనక మంటలు. మూడు వారాలకోసారి, రెండు గంటల చొప్పున, ముప్పై సిటింగులు. మొత్తం ఏడాది తొమ్మిది నెలలు పట్టింది. గంటకి 12,000 యెన్‌ల లెక్కన 7,20,000 యెన్‌లు అయ్యాయి, రైలు ఛార్జీలు కాక. ప్రతి సిటింగ్‌కీ నగదు, కవర్‌లో పెట్టి ఇచ్చేవాణ్ని. ఇది నా హోరిషి రేటు మాత్రమే, మీరు వెళ్లే చోట ఇదే ఉంటుందని అనుకోవద్దు. బేరం మాత్రం ఆడకండి.

నది_ఒడ్డు గారూ, నా గీతలు మెషిన్‌తోనే పడ్డాయి. ఈ రోజుల్లో చాలామంది గీతలకి, అంటే సుజిబోరికి, మెషిన్ వాడి, నీడలూ రంగులూ నింపేది చేత్తో చేస్తారు. చేత్తో చేసేటప్పుడు హోరిషి పక్కనే మోకాళ్ల మీద కూర్చుంటాడు. ఎడమ చేతి వేళ్లతో చర్మాన్ని బిగువుగా సాగదీస్తాడు. కుడి చేతిలో నోమి ఉంటుంది, కొసన సూదులు వరసగా బిగించిన పొడవాటి కాడ అది. దాన్ని ఎడమ బొటనవేలి మీద ఆనించి, ఏటవాలుగా పొడిచి కొద్దిగా పైకి ఎత్తి తీస్తాడు. ప్రతి పోటుకీ ‘షక్, షక్’మని చప్పుడు. మొదటి రోజు ఆ చప్పుడుకే ఒళ్లు జలదరించింది. నాలుగో సిటింగ్‌కి వచ్చేసరికి దాని లయకి కళ్లు మూతలు పడేవి.

నొప్పి అన్నిచోట్లా ఒకలా ఉండదు. భుజాల కండ మీద భరించవచ్చు. వెన్నెముక మీదా, పక్కటెముకల మీదా, నడుము పక్కల పల్చటి చర్మం మీదా మాత్రం పళ్లు బిగబట్టాల్సిందే. గీతలే ఎక్కువ నొప్పి అనిపించాయి నాకు. తెబోరి నీడలు దానితో పోలిస్తే నయం, చర్మం కూడా త్వరగా మానింది.

బివా, వీణ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లు చెబుతారు. హోరిషిని అడగడంలో తప్పేమీ లేదు. వేరే వాళ్ల వీపు ఫొటో తీసుకెళ్లి ‘ఇదే కావాలి’ అంటే మాత్రం బాధపడతారు.

ఉకియో_ప్రియ · ఫిబ్రవరి 9

పొద్దున్నే ఈ చర్చ చూసి ఎంత సంతోషమేసిందో. నాకు టాటూ లేదు కానీ చెక్క అచ్చు బొమ్మలంటే ప్రాణం. మీరు వేయించుకోబోయే దాని పుట్టుక అక్కడే ఉంది.

1827 ప్రాంతంలో ఉతాగావా కునియోషి ‘సుయికోదెన్’ అనే చైనా కథలోని 108 మంది వీరుల్ని ఒక్కొక్కరినీ బొమ్మలుగా వేయడం మొదలుపెట్టాడు. వాళ్లలో చాలామందికి ఒంటి నిండా పచ్చబొట్లు వేశాడు. షిషిన్ అనే వీరుడి ఒంటి మీద తొమ్మిది డ్రాగన్‌లు. ఎదో (ఇప్పటి టోక్యో) పట్నంలో మంటలార్పేవాళ్లు, పల్లకీ మోసేవాళ్లు, ఇళ్లు కట్టే కూలీలు ఆ బొమ్మలు చూసి అలాంటివి తమ ఒంటి మీద కావాలన్నారు. వీపు మొత్తాన్ని ఒకే చిత్రంగా చూసే పద్ధతి ఆ కాలంలోనే స్థిరపడింది. తర్వాత 1872లో మేజీ ప్రభుత్వం పచ్చబొట్లని నిషేధించింది. పాశ్చాత్యులు తమని అనాగరికులు అనుకుంటారేమోనన్న బెంగ. విచిత్రం ఏమిటంటే ఆ నిషేధం ఉండగానే, 1881లో, తర్వాత ఐదో జార్జి రాజైన బ్రిటిష్ యువరాజు జపాన్ వచ్చి చేతి మీద డ్రాగన్ వేయించుకుని వెళ్లాడు. నిషేధం తీసేసింది 1948లో.

ఇక వీణ సంగతి. సరస్వతి బౌద్ధంతో పాటు చైనా మీదుగా ఇక్కడికి వచ్చింది. సువర్ణప్రభాస సూత్రం అనే బౌద్ధ గ్రంథంలో ఆవిడకి ఎనిమిది చేతులు, చేతుల్లో ఆయుధాలు. గర్భధాతు మండలం అనే బౌద్ధ చిత్రంలో రెండు చేతులు, ఆ చేతుల్లో బివా. ఎనోషిమాలో ఈ రెండు రూపాలూ ఉన్నాయి, మీరు చూసే ఉంటారు. వీణతో బయల్దేరిన తల్లి జపాన్ చేరేసరికి బివా పట్టుకుంది. అందుకే వీణ పెట్టినా అది పరాయి వస్తువు అవదని నా అభిప్రాయం.

కానీ ఒక మాట. జపనీస్ చిత్రంలో దేనికి ఏది జత అనేది గట్టి విషయం. సింహానికి పియొని పువ్వు, పులికి వెదురు, ఈదే కోయి చేపకి ఎర్రబడిన మేపుల్ ఆకులు. అంటే చూసేవాడికి రుతువు తెలియాలి. బెన్‌జైతెన్ నీటి దేవత, కాబట్టి అలలూ డ్రాగనూ చక్కగా కుదురుతాయి. పైగా ఎనోషిమా కథలో ఆవిడని ప్రేమించి మంచివాడిగా మారిన ఐదు తలల డ్రాగన్ ఉంది. ఆ కథ హోరిషికి చెప్పండి. చెప్పక్కర్లేదేమో, ఆయనకి తెలిసే ఉంటుంది.

అరచేయి · ఫిబ్రవరి 9

నేను చేసిన తప్పు చెబుతాను, మీకైనా పనికొస్తుంది.

ఇరవై మూడేళ్లప్పుడు ఎడమ ముంజేతి మీద మేపుల్ ఆకులతో ఒక కోయి చేప వేయించుకున్నాను. మరుసటి ఏడు మోచేతి పైన చెర్రీ పూలు. ఇంకో ఏడాదికి భుజం మీద హన్యా అనే కొమ్ముల రాక్షసి ముసుగు. మూడు షాపులు, ముగ్గురు మనుషులు. ‘తర్వాత నేపథ్యంతో అన్నీ కలిపేయొచ్చులే’ అని మొదటి షాపులోనే చెప్పారు, నమ్మాను. పోయినేడు ఒక హోరిషి దగ్గరికి వెళ్లి కలపమని అడిగితే ఆయన నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, చేప నేల వైపు ఈదుతోంది, పువ్వులు వసంతం, ఆకులు శరదృతువు, మూడింటికీ గాలి ఏ వైపు నుంచి వీస్తోందో ఎలా గీయాలి అని.

ఇంకో సంగతి. ఆ చేపకి పొలుసులు చాలా చిన్నవిగా, దగ్గర దగ్గరగా వేశారు. అప్పుడు ఫొటోలో అద్భుతంగా ఉంది. ఇప్పటికి తొమ్మిదేళ్లు. పొలుసులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బూడిద రంగు మచ్చలా కనిపిస్తోంది. తోక దగ్గర సూది లోతుగా దిగడం వల్ల సిరా చుట్టూ పాకి, గీత చుట్టూ నీలం నీడ మిగిలింది. దాన్ని ఏ క్రీమూ సరిచేయదు.

అందుకని వీణాతంత్రి గారూ, మీరు మొత్తం వీపు ఒకేసారి, ఒకే మనిషితో అనుకోవడం చాలా మంచి నిర్ణయం. వీణకి తీగలు, మెట్లు ఎన్ని ఉన్నా అన్నీ వేయమని పట్టుబట్టకండి. గది అవతలి నుంచి చూసినా వీణ అని తెలిస్తే చాలు.

చర్మవైద్యం · ఫిబ్రవరి 9

చర్మ వైద్యురాలిని. వద్దు అనను, కానీ మన రంగు చర్మానికి సంబంధించిన విషయాలు ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

సిరా నిలిచేది చర్మం కింది పొరలో, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున. మన రంగునిచ్చే మెలనిన్ దానికి పైన ఉంటుంది. కాబట్టి ఏ రంగునైనా మనం ఆ గోధుమ రంగు పొరలోంచే చూస్తాం. నలుపు బాగా నిలుస్తుంది, ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ బాగుంటాయి. లేత పసుపు, లేత గులాబీ, తెలుపు మాత్రం మానాక మట్టి రంగుకి తిరుగుతాయి. నలుపు నీడల మీద ఎక్కువగా ఆధారపడే డిజైన్ అయితే మీకు మంచిది. కాగితం మీద కనిపించే రంగులు చూసి ఆశ పడకండి.

మీకు గానీ, మీ ఇంట్లోవాళ్లకి గానీ కెలాయిడ్ గుణం ఉందా? చిన్న గాయం కూడా ఉబ్బెత్తుగా, గట్టిగా మానడం. భుజాలు, ఛాతీ, వీపు పై భాగం దానికి అనువైన చోట్లు. చెవి కుట్టించుకున్న చోట గడ్డ కట్టి ఉంటే ముందు నాలాంటి వాళ్లకి చూపించుకోండి. షుగర్ ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. అలర్జీలు ఎక్కువగా కనిపించేది ఎరుపు రంగుతో. ఒక్కోసారి నెలల తర్వాత కూడా ఆ ఎరుపు ఉన్నంతమేరా దురదతో ఉబ్బుతుంది. ముందు ఒక మూల కొంచెం వేయించి కొన్ని వారాలు చూడటం మంచిది, అయినా అది పూర్తి హామీ కాదు.

సూదులు కొత్తవా, కాడని ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) పెడతారా అని మొహమాటం లేకుండా అడగండి. హెపటైటిస్ బి, సి రెండూ సూదుల వల్ల వస్తాయి. బి కి టీకా ఉంది, వేయించుకోకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి.

మీరు అడగలేదు కానీ, పిల్లల్ని కనే ఆలోచన ఉంటే, గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు సిటింగులు ఆపాలి. నడుము మీద టాటూ ఉన్నవాళ్లకి ఎపిడ్యూరల్ (కాన్పు నొప్పులకి నడుములో ఇచ్చే మత్తు) ఇవ్వకూడదన్న నియమం లేదు. మత్తు డాక్టర్లు వీలైతే సిరా లేని చోటు చూసుకుని గుచ్చుతారు. నడుము మధ్యలో చిన్న ఖాళీ వచ్చేలా డిజైన్ ఉంటే వాళ్లకీ సులువు.

నది_ఒడ్డు · ఫిబ్రవరి 9

డాక్టర్ గారూ, చర్మం ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటుంది కదా, టాటూ ఎందుకు పోదు?

చర్మవైద్యం · ఫిబ్రవరి 9

రాలేది పై పొర. కింద ఉన్న సిరాని మాక్రోఫేజ్ అనే కణాలు మింగి పట్టుకుంటాయి. అవి చచ్చిపోయినప్పుడు వదిలిన సిరాని పక్కనున్న కొత్త కణాలు అందుకుంటాయి. కొంత సిరా లింఫ్ గ్రంథులకి కూడా చేరుతుంది. ఎప్పుడైనా స్కాన్ తీయించుకుంటే పెద్ద టాటూ ఉందని ముందే చెప్పండి.

ఒసాకా_బాబాయ్ · ఫిబ్రవరి 10

అమ్మా వీణాతంత్రీ, నేను ఇరవై రెండేళ్లుగా ఇక్కడ ఉన్నాను. నాకు టాటూ లేదు, వేయించుకోను. అయినా నిన్ను ఆపడానికి రాయడం లేదు. ఇక్కడే బతకబోయే మనిషివి కాబట్టి వీపు మీద ఆ బొమ్మతో ఏయే తలుపులు మూసుకుంటాయో తెలిసి వేయించుకో.

ముందు ఆన్‌సెన్, అంటే వేడినీటి బుగ్గల స్నానశాలలు. 2015లో ఇక్కడి పర్యాటక శాఖ హోటళ్లనీ, ర్యోకాన్‌లనీ (జపనీస్ సత్రాలు) అడిగితే జవాబిచ్చిన వాటిలో 56 శాతం టాటూ ఉన్నవాళ్లని స్నానానికి రానివ్వం అన్నాయి. 31 శాతం అభ్యంతరం లేదన్నాయి. 13 శాతం కప్పుకుంటే రావచ్చన్నాయి. చర్మం రంగు స్టిక్కర్లు అమ్ముతారు, వీపుకి అవి సరిపోవు. ఈ నియమాలు యాకుజాల్ని, అంటే ఇక్కడి నేర ముఠాలవాళ్లని, దూరం పెట్టడానికి పుట్టినవి, కానీ అమలయ్యేది అందరి మీదా. 2013లో హొక్కైదోలో మొహం మీద సంప్రదాయ మావోరి (న్యూజిలాండ్ ఆదివాసీల) గుర్తులున్న ఒక పెద్దావిడని కూడా రానివ్వలేదు.

దారులు లేకపోలేదు. కినోసాకి అనే ఆన్‌సెన్ ఊళ్లోని బయటి స్నానశాలల్లోకి టాటూతో వెళ్లవచ్చు. గంటకి ఇంతని అద్దెకిచ్చే విడి స్నానపు గదులు చాలా చోట్ల దొరుకుతాయి. పేటల్లోని సెంతోలు (మామూలు ఊరి స్నానశాలలు) చాలావాటికి పట్టింపు ఉండదు. జిమ్‌లూ, ఈత కొలనులూ మాత్రం కఠినం, సభ్యత్వ పత్రంలోనే రాసి ఉంటుంది. సంతకం పెట్టేముందు చదువు. జుషి బీచ్‌లో అయితే టాటూ బయటికి కనిపించకూడదని ఊరి చట్టమే ఉంది.

ఉద్యోగం మాటకొస్తే, 2012లో ఒసాకా నగర పాలక సంస్థ తన ఉద్యోగుల్ని ‘మీకు టాటూ ఉందా’ అని ఫారాలు నింపమంది. ఆ రోజుల్లో ఊరంతా అదే మాట. నీది ప్రైవేటు కంపెనీ, వీపు ఎవరూ చూడరు. కానీ కంపెనీ ట్రిప్ ఆన్‌సెన్‌కి వేసినప్పుడు ఏం చెప్పాలో ఇప్పుడే అనుకో.

చట్టం గురించి భయపడకు. డాక్టర్ లైసెన్సు లేకుండా టాటూ వేశాడని ఒసాకా ప్రాంతంలో ఒక కళాకారుడికి 1,50,000 యెన్‌ల జరిమానా పడింది. అతను పోరాడి 2018లో హైకోర్టులో గెలిచాడు. టాటూ వేయడం వైద్యం కిందికి రాదని 2020 సెప్టెంబరులో సుప్రీం కోర్టు కూడా తేల్చేసింది.

తూర్పుగాలి · ఫిబ్రవరి 10

ఇది విమర్శగా తీసుకోకండి, నిజంగా నా మనసులో ఉన్న సందేహం. నేనూ సరస్వతిని పూజించేదాన్నే. వీపు మీద ఆవిడ ఉంటే కుర్చీకి ఆనుకున్నప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు, మైల రోజుల్లో మనసుకి ఇబ్బందిగా ఉండదా?

నల్లసిరా · ఫిబ్రవరి 10

మంచి ప్రశ్న అడిగారు. నేనూ ఆరు నెలలు దీని గురించే ఆలోచించాను. జపాన్‌లోనూ ఈ పట్టింపు ఉంది. బుద్ధులనీ దేవతలనీ నడుము కింద వేయని హోరిషిలు చాలామంది. మా హోరిషి ఫుదో ముఖాన్ని భుజాల ఎముకల మధ్యకి తెచ్చాడు, కింద రాళ్లూ మంటలూ వచ్చేలా గీశాడు.

నాకు తేలిక పడింది ఎక్కడో చెబుతాను. వేయించుకోవడానికి ముందు నారితాసాన్ గుడికి వెళ్లాను. అక్కడ రోజూ ఫుదో ముందు గోమా చేస్తారు. గోమా అంటే మన హోమమే, పేరు కూడా అదే. సన్యాసులు డప్పు మీద మంత్రం చదువుతున్నారు, ‘నోమకు సమ్మందా బజరదన్ సెందా మకరోషదా’ అని. మొదట ఏమీ అర్థం కాలేదు. రెండోసారి విన్నప్పుడు ఒక్కసారిగా చెవులు తెరుచుకున్నాయి, అది ‘నమః సమంత వజ్రాణాం చండ మహారోషణ’. అక్కడే కళ్లనీళ్లు తిరిగాయి. ఆ తర్వాత నాకు ఇబ్బంది అనిపించలేదు. అందరికీ ఇలాగే ఉండాలని లేదు. మీకు ఇబ్బందిగా ఉంటే డ్రాగన్, కోయి, పూలు ఉన్నాయి.

వీణాతంత్రి · ఫిబ్రవరి 11

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. తూర్పుగాలి గారూ, నాకు వీణ ఎప్పుడూ ఒంటికి ఆనించుకుని కూర్చునే వస్తువే. చెమట పట్టినా, జ్వరం వచ్చినా వాయించాను. ఆవిడ నాకు అంత దగ్గరి మనిషి. కానీ మీ మాట తీసుకుని ఆవిడ నడుము పైనే ఉండేలా అడుగుతాను.

బాబాయ్ గారూ, ఆన్‌సెన్ మాట గుండెల్లో కలుక్కుమంది. నాకు అవంటే చాలా ఇష్టం. వచ్చే నెలలో హకోనే వెళ్లి అందరితో కలిసి ఒకసారి స్నానం చేసి వస్తాను.

మార్చి 16న యోకోహామాలో ఒక హోరిషి సమయం ఇచ్చారు. వెళ్లొచ్చి రాస్తాను.

నల్లసిరా · ఫిబ్రవరి 11

అంచుల గురించి ఆలోచించుకుని వెళ్లండి. బొమ్మ చుట్టూ మబ్బులు, గాలి చారలు, అలలతో నింపే నల్లటి నేపథ్యాన్ని గాకు అంటారు. ఆ గాకు చర్మంలోకి ఎక్కడ, ఎలా ఆగాలన్నది మికిరి. పియొని రేకుల్లా గుండ్రంగా తెంపవచ్చు, తెల్లవారినట్టు మెల్లగా పల్చబరచవచ్చు, కోసినట్టు తిన్నగా ఆపవచ్చు. రేపు చేతుల మీదికి పొడిగించాలని ఉంటే ఇప్పుడే చెప్పాలి, దాన్ని బట్టి భుజం దగ్గర అంచు మారుతుంది.

వీణాతంత్రి · మార్చి 16

ఇప్పుడే ఇంటికి వచ్చాను. రెండు గంటలు మాట్లాడాం, అందులో గంట ఆయనే ప్రశ్నలు అడిగారు. రోజుకి ఎంతసేపు కూర్చుంటావు, ఏ వైపు తిరిగి పడుకుంటావు, బరువు తగ్గాలనుకుంటున్నావా, ఇంట్లో ఎవరికి చెప్పావు.

వీణ మాట ఎత్తగానే ఫోన్‌లో వాయించి వినిపించమన్నారు. నా రికార్డింగ్ ఒకటి పెట్టాను. పూర్తిగా విని, ఎడమ చెయ్యి చూపించమన్నారు. చూపుడు వేలు, మధ్య వేలు కొసల్లో మెట్ల మీద తీగ ఒరుసుకుని పడిన గాట్లు ఉన్నాయి కదా, వాటిని బొటనవేలితో తడిమి చూసి నవ్వారు. తర్వాత పెన్సిల్‌తో గీస్తూ చెప్పారు. బివా అయితే ఛాతీకి ఏటవాలుగా వస్తుంది, వెన్నెముక గీతని కోస్తూ బొమ్మకి కదలిక ఇస్తుంది. వీణని ఒళ్లో అడ్డంగా పెడితే వీపు రెండు ముక్కలైనట్టు కనిపిస్తుంది. అందుకని వీణ దండిని ఎడమ భుజం వైపు పైకి ఎత్తి, కుండని కుడి తుంటి పైన పెట్టి గీశారు. నేను వాయించేటప్పుడు అలా ఉండదు. పది నిమిషాలు కాగితం చూస్తూ కూర్చున్నాను. చివరికి ఒప్పుకున్నాను, ఎందుకంటే అద్దంలో నా వీపు మీద ఆ కాగితం ఆనించి చూపించినప్పుడు, భుజం కదిపితే వీణ కూడా కదిలింది.

వీణ దండి చివర ఉండే యాళి తల ఉంచమని మాత్రం అడిగాను. అది డ్రాగన్‌కి చుట్టంలా ఉందని ఆయనే సంబరపడ్డారు.

కెలాయిడ్ లేదని డాక్టర్‌కి చూపించుకుని వచ్చాను. హెపటైటిస్ బి టీకా రెండో డోసు అయ్యింది. పై అంతస్తులో ఉండే కొలీగ్ రోజూ మందు రాస్తానంది.

ఉకియో_ప్రియ · మార్చి 16

కదిలే వీణ! చదువుతుంటేనే ఒళ్లు పులకరించింది అక్కా.

వీణాతంత్రి · ఏప్రిల్ 20

నిన్న మొదటి సిటింగ్. మూడు గంటలు, గీతలే, మెషిన్‌తో. భుజాల దగ్గర బాగానే ఉన్నాను. వెన్నెముక మీద దండి గీసేటప్పుడు మాత్రం ఊపిరి నిలబడలేదు. ఆయన ఆగి, పొడవుగా వదలమన్నారు, ఊపిరి వదిలినప్పుడే గీశారు.

రాత్రి బోర్లా పడుకున్నా తెల్లారేసరికి టీషర్టు వీపుకి అంటుకుపోయింది. లాగబోయాను, మంట నషాళానికి అంటింది. కొలీగ్ వచ్చి లాగకు అని, షవర్ కింద నిలబెట్టి గోరువెచ్చటి నీళ్లు పోస్తూ మెల్లగా ఊడదీసింది. గుడ్డ మీద సిరా, రసి కలిసి దండి గీత మొత్తం అచ్చు పడింది, అద్దంలో చూసినట్టు తిరగబడి. ఆ టీషర్టు పారేయబుద్ధి కావడం లేదు.

చర్మవైద్యం · ఏప్రిల్ 20

రసి కారడం మూడు నాలుగు రోజులు మామూలే. చేతులు కడుక్కున్నాకే ముట్టుకోమనండి. ఘాటు లేని సబ్బు, మందు చాలా పల్చగా, దట్టంగా పూస్తే చర్మం నాని చెడుతుంది. టబ్‌లో నానడం, ఈత, ఎండ మూడు నాలుగు వారాలు వద్దు. చెక్కులు గోకవద్దు. ఎరుపు రోజురోజుకీ పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా నా మెసేజ్ కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.

వీణాతంత్రి · జులై 6

గీతలు పూర్తయ్యాయి, మూడు సిటింగులు పట్టాయి. మే 31న చివరిది. చర్మం పూర్తిగా మానింది.

నిన్న ధైర్యం చేసి మా పేటలోని సెంతోకి వెళ్లాను. డబ్బులు తీసుకునే చోట ముందే ‘వీపంతా టాటూ ఉంది, రావచ్చా’ అని అడిగాను. ఆవిడ టికెట్ ఇచ్చి తువ్వాలు కావాలా అంది, అంతే. లోపల ఎనభై ఏళ్లుంటాయేమో, ఒక బామ్మగారు నా వెనక స్టూలు మీద కూర్చుని ఒళ్లు రుద్దుకుంటోంది. చాలాసేపు చూసి, ‘బెంతెన్ సామా కదూ’ అంది. అవునన్నాను. ‘ఆ చేతిలోది బివా కాదే’ అంది. వీణ అని, నేను వాయిస్తానని చెప్పాను. ఇంకాసేపు చూసి, ‘డ్రాగన్‌కి కళ్లు పెట్టలేదేం’ అని అడిగింది.

ఆ మాట నేను హోరిషిని ఎప్పుడో అడిగాను. అన్నీ అయ్యాక చివరి రోజు పెడతానన్నారు. బామ్మగారికి అదే చెప్పాను. తల ఊపి, నా వీపు మీద బకెట్‌తో నీళ్లు పోసింది.

ఒసాకా_బాబాయ్ · జులై 6

చదివి ఇద్దరం సంతోషపడ్డాం తల్లీ. మీ పిన్ని ఒకసారి ఆ వీణ వినిపించమంటోంది.

నది_ఒడ్డు · జులై 6

తర్వాతి సిటింగ్ ఎప్పుడు?

వీణాతంత్రి · జులై 6

12న. నేపథ్యం నీడలు మొదలు, ఇక అంతా చేత్తోనే. ఎడమ భుజం పైనున్న అలతో మొదలుపెడతారట. బాబాయ్ గారూ, రికార్డింగ్ ఈ రాత్రికే పంపిస్తాను, పిన్నిగారికి ఏ రాగం ఇష్టమో చెప్పండి.